బిళ్ల చెప్పే కబురు

కాలివేలికి పుండు పడితే గజ్జల్లో బిళ్ల కడుతుంది. పన్ను చీము పడితే దవడ కింద బిళ్ల చేతికి తగులుతుంది. ఏ వైద్య పుస్తకమూ చదవని పెద్దవాళ్లకు కూడా ఈ లెక్క తెలుసు: బిళ్ల ఎక్కడుందో చూస్తే పుండు ఎటుందో చెప్పొచ్చు. ఆ బిళ్ల అప్పటికప్పుడు పుట్టేది కాదు. గింజంత పరిమాణంలో ఎప్పుడూ అక్కడే ఉండే శోషరస గ్రంథి వాచి పైకి తేలుతుంది, అంతే. రక్తనాళాల నుంచి కణాల మధ్యకు ఊరిన నీటిని సన్నని నాళాలు పోగుచేసి తిరిగి రక్తంలో కలుపుతాయి. ఆ నీరే శోషరసం. అది వెళ్లే దారి పొడుగునా ఈ గ్రంథులు కాపలా కాస్తుంటాయి. సూక్ష్మజీవి వచ్చినా, క్యాన్సర్ కణం వచ్చినా తరచుగా ముందు వీటి దగ్గరే ఆగుతుంది. ఒంట్లో శోషరసం బాగా ఊరే అవయవాల్లో కాలేయానిది పెద్దపీట. ఛాతీలోని ప్రధాన శోషరస నాళంలో పారేదానిలో పావు వంతు నుంచి సగం దాకా అక్కడినుంచే వస్తుంది. కానీ కాలేయానికి కాపలా ఉండే గ్రంథులు కడుపు లోతుల్లో, పెద్ద రక్తనాళాలను అంటిపెట్టుకుని ఉంటాయి. అక్కడ బిళ్ల కట్టినా చేతికి అందదు. కాలేయంలోని పైత్యరస నాళాలకు క్యాన్సర్ వచ్చి ఆపరేషన్ చేస్తున్నప్పుడు ఆ గ్రంథులను కూడా తీయాలా, వదిలేయాలా అని సర్జన్లు ఏళ్ల తరబడి వాదించుకుంటున్నారు. తీయాలన్నదే నా పక్షం. అయితే తీయమనేవాళ్లు తరచుగా చెప్పే కారణం మాత్రం నాది కాదు.

ముందు జబ్బు సంగతి. కాలేయం తయారుచేసే పైత్యరసం ఆకు ఈనెల్లాంటి సన్నటి గొట్టాల్లో పుట్టి, క్రమంగా లావు గొట్టాల్లో కలిసి, కాలేయ ద్వారం దగ్గర ఒక్క నాళమై చిన్నపేగులోకి దిగుతుంది. ఈ దారిలో ఎక్కడైనా క్యాన్సర్ రావచ్చు. చివర, పేగు దగ్గర వచ్చేది ఒక రకం. ద్వారం దగ్గర, కుడి ఎడమ నాళాలు కలిసే చోట వచ్చేది ఇంకో రకం; 1965లో దాన్ని విడిగా వర్ణించిన అమెరికా వైద్యుడు జెరాల్డ్ క్లాట్స్కిన్ పేరుతోనే దాన్ని ఇప్పటికీ పిలుస్తారు. మూడోది కాలేయం లోపలి చిన్న నాళాల్లో పుట్టేది. ఇక్కడ మాట్లాడుతున్నది ముఖ్యంగా దీని గురించే. కాలేయంలో పుట్టే క్యాన్సర్లలో ఇది రెండో స్థానంలో ఉంది, నూటికి పది పదిహేను. ఈశాన్య థాయ్‌లాండ్‌లో పచ్చి చేపల ద్వారా ఒంట్లో చేరే ఒక కాలేయపు పురుగు దీనికి పెద్ద కారణం. మన గొర్రెల కాపరులకు తెలిసిన కార్జపు జలగకు అది దూరపు చుట్టం. ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 1994లోనే దాన్ని క్యాన్సర్ కారకాల మొదటి జాబితాలో చేర్చింది. ఆ పురుగు లేని చోట హెపటైటిస్ బి, సి, సిరోసిస్, కాలేయ నాళాల్లో రాళ్లు, ఏళ్ల తరబడి సాగే నాళాల వాపు దారి వేస్తాయి. చాలామందిలో ఏ కారణమూ కనిపించదు. ద్వారం దగ్గర గడ్డ వస్తే పైత్యరసం ఆగిపోయి కళ్లు పచ్చబడతాయి. కామెర్లనగానే పసరు మందుకు వెళ్లే అలవాటు మన ఊళ్లలో ఇంకా పోలేదు, అలా పోయిన వారాలు మళ్లీ రావు. లోపలి నాళాల్లో పుట్టేది తరచుగా ఆ పచ్చదనమూ చూపించదు. గడ్డ బాగా పెరిగేదాకా మౌనంగానే ఉంటుంది.

దీన్ని పూర్తిగా వదిలించుకునే అవకాశం ముఖ్యంగా శస్త్రచికిత్సతోనే ఉంది. గడ్డ ఉన్న భాగాన్ని చుట్టూ ఆరోగ్యంగా ఉన్న అంచుతో సహా కోసి తీస్తారు. మిగిలిన కాలేయం పెరిగి ఆ లోటు పూడ్చుకుంటుంది. ఇక గ్రంథులు. కాలేయ ద్వారం నుంచి చిన్నపేగు మొదటి భాగం వరకు దిగే పొర ఒకటి ఉంది. కాలేయానికి రక్తం తెచ్చే ధమని, పోర్టల్ సిర, పైత్యరస నాళం మూడూ దానిలో పక్కపక్కనే ఉంటాయి. వాటిని చుట్టుకుని ఉన్న కొవ్వులోనే గ్రంథులుంటాయి. సర్జన్ ఆ మూడింటినీ ఒక్కొక్కటిగా విడదీసి, కొవ్వునూ గ్రంథులనూ కలిపి ఒలిచి తీస్తాడు. కాలేయ ధమని మొదలయ్యే దారి వెంబడి ఉన్నవీ, క్లోమం తల వెనక ఉన్నవీ కూడా తీస్తారు. గడ్డ ఎడమ భాగంలో ఉంటే శోషరసం జీర్ణాశయం పక్క నుంచి కూడా పారుతుంది కనుక ఆ వైపూ వెతకాలి. జపాన్ సర్జన్లు ఈ తావులన్నిటికీ నంబర్లు ఇచ్చి పెట్టారు. ఇవాళ ఏ దేశపు ఆపరేషన్ థియేటర్‌లోనైనా ఎనిమిది, పన్నెండు, పదమూడు అంటే అందరికీ అర్థమవుతుంది.

తీయాలనేవాళ్లు తరచుగా చెప్పేది, తీస్తే రోగి ఎక్కువ కాలం బతుకుతాడని. కలుపు వేళ్లతో సహా పీకాలన్న రైతు బుద్ధి లాంటిదే ఇదీ. అయితే ఇతర క్యాన్సర్లలో ఈ ఆలోచన పరీక్షకు నిలబడిన సందర్భాలు తక్కువ. రొమ్ము క్యాన్సర్‌లో చంకలోని గ్రంథులన్నీ తీయడం శతాబ్దానికి దగ్గరగా ఆచారంగా ఉండేది. అమెరికాలో 1970లలో బెర్నార్డ్ ఫిషర్ బృందం దాన్ని పరీక్షకు పెట్టింది. చంకలో బిళ్ల చేతికి తగలని 1,079 మంది మహిళలను చీటీ వేసినట్టు మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకు గ్రంథులన్నీ తీశారు, ఒక గుంపుకు రేడియేషన్ ఇచ్చారు, మూడో గుంపుకు వదిలేసి తర్వాత బిళ్ల కడితేనే తీశారు. తీసినవాళ్లలో సుమారు 40 శాతం మంది గ్రంథుల్లో క్యాన్సర్ కనిపించింది కాబట్టి, వదిలేసినవాళ్లలోనూ అంతే ఉండి ఉండాలి. అయినా 25 ఏళ్ల తర్వాత చూస్తే మూడు గుంపుల ఆయుష్షులో తేడా లేదు. చర్మంలో వచ్చే మెలనోమాలో 2017లో వెలువడిన పెద్ద ప్రయోగమూ ఇదే తేల్చింది: మొదటి కాపలా గ్రంథిని తీసి చూశాక మిగిలిన గ్రంథులన్నీ వెంటనే తీసినా ప్రాణాలు అదనంగా దక్కలేదు. జీర్ణాశయ క్యాన్సర్‌లో మాత్రం కథ కొంచెం వేరు. నెదర్లాండ్స్‌లో 711 మందితో జరిగిన ప్రయోగంలో గ్రంథులు విస్తారంగా తీసిన గుంపులో ఆపరేషన్ సమయపు మరణాలు 4 నుంచి 10 శాతానికి పెరిగాయి. కానీ 15 ఏళ్లకు ఆ క్యాన్సర్‌తో పోయినవాళ్లు 48 శాతానికి బదులు 37 శాతమే. ఆ ధైర్యంతో ఇంకా లోపలికి, బృహద్ధమని పక్కదాకా వెళ్లి తీస్తే ఎలా ఉంటుందని జపాన్‌లో 523 మందితో చూశారు. అయిదేళ్లు బతికినవాళ్లు రెండు గుంపుల్లోనూ 70 శాతం దగ్గరే ఆగారు. అంటే కొంతవరకు తీస్తే మేలుందేమో కానీ, తీసేకొద్దీ మేలు పెరుగుతుందన్నది నిలవలేదు.

కాలేయ నాళాల క్యాన్సర్‌లో ఆ మాత్రం ఆశ కూడా పెట్టుకోవడానికి జబ్బు స్వభావమే ఒప్పుకోదు. ఆపరేషన్ తర్వాత ఇది తిరగబెట్టేది ఎక్కువగా మిగిలిన కాలేయంలోనే. గ్రంథులకు చేరిందంటే అప్పటికే రక్తం ద్వారా కూడా ప్రయాణం మొదలుపెట్టిందని అనుకోవడమే న్యాయం. గ్రంథులు తీసినంత మాత్రాన కాలేయంలో కంటికి కనపడని విత్తనాలు పోవు. ఇక గ్రంథులు తీసినవాళ్లనూ తీయనివాళ్లనూ పాత రికార్డుల్లోంచి పోల్చిన అధ్యయనాలు చాలా ఉన్నాయి. వాటిలో కొన్ని మేలుందన్నాయి, కొన్ని లేదన్నాయి. రెండు రకాల ఫలితాలనూ నమ్మలేకపోవడానికి కారణం ఉంది. అనుమానంగా కనిపించిన రోగికే సర్జన్ గ్రంథులు తీస్తాడు. అందువల్ల తీసినవాళ్ల గుంపులో ముందే ముదిరిన జబ్బులు ఎక్కువ చేరి, తీయడం పనికిరానట్టు కనిపిస్తుంది. దీనికి ఎదురు దిశలో పనిచేసే మాయ మరొకటుంది. 1985లో ఆల్వన్ ఫైన్‌స్టైన్ అనే అమెరికా వైద్యుడు దాన్ని వివరించాడు. బడిలో ఏ సెక్షన్‌లో అందరికంటే తక్కువ మార్కుల పిల్లవాణ్ని బి సెక్షన్‌కు మార్చారనుకుందాం. వాడు బి సెక్షన్ సగటు కంటే మెరుగే. దాంతో రెండు సెక్షన్ల సగటూ పెరుగుతుంది. ఒక్క పిల్లవాడి చదువూ బాగుపడలేదు. గ్రంథులు బాగా వెతికినచోట దాక్కున్న జబ్బు బయటపడి రోగి పై స్టేజికి మారతాడు, రెండు స్టేజిల లెక్కలూ అందంగా కనిపిస్తాయి. ఆయుష్షు మాత్రం ఒక్క రోజూ పెరిగి ఉండకపోవచ్చు. ఈ రెండు మాయలనూ పక్కకు తోసి తేల్చి చెప్పగల ప్రయోగం వచ్చేదాకా, గ్రంథులు తీస్తే బతుకు పెరుగుతుందని రోగికి మాట ఇవ్వడం తప్పు.

మరి ఎందుకు తీయాలి? ఆ బిళ్ల కబురు చెబుతుంది కనుక. 2011లో పలు దేశాల ఆసుపత్రులు కలిసి, ఈ క్యాన్సర్‌కు ఆపరేషన్ జరిగిన 449 మంది వివరాలు ప్రచురించాయి. వాళ్లలో గ్రంథులు తీసింది 248 మందికి, నూటికి 55. ఆ 248 మందిలో 74 మందికి, అంటే 30 శాతానికి, గ్రంథుల్లో క్యాన్సర్ ఉంది. ఆ అధ్యయనంలో నన్ను ఆపిన సంగతి మరొకటి. గడ్డలు ఒకటా రెండా, రక్తనాళంలోకి పాకిందా లేదా అన్నవి రోగి భవిష్యత్తును చెప్పే గుర్తులని అందరూ నమ్ముతారు. గ్రంథులు శుభ్రంగా ఉన్నవాళ్ల విషయంలో అవి నిజంగానే చెప్పాయి. గ్రంథులకు చేరినవాళ్లలో మాత్రం ఆ గుర్తులు వేటికీ విలువ లేకుండా పోయింది. అంటే మిగిలిన గుర్తులను చదవాలన్నా ముందు గ్రంథుల సంగతి తెలియాలి. ఇక గ్రంథులు చూడని ఆ 201 మంది? అనుమానం ఉన్నవాళ్లకే ఎక్కువగా తీసి ఉంటారు కనుక వాళ్లలోనూ 30 శాతమే అనలేం. సున్నా అని మాత్రం ఎవరూ అనరు. వాళ్లలో చాలామంది గడ్డ తీసేశామన్న మాటతో ఇంటికి వెళ్లి ఉంటారు.

ఎన్ని తీస్తే చాలన్నదానికీ లెక్క ఉంది. పెద్దపేగు క్యాన్సర్‌లో కనీసం 12 గ్రంథులు చూడాలంటారు. ఈ క్యాన్సర్‌కు అమెరికా స్టేజింగ్ సంఘం తన ఎనిమిదో ముద్రణలో పెట్టిన కనీస సంఖ్య 6. 2023లో యూరప్ కాలేయ వైద్యుల సంఘం ఇచ్చిన మార్గదర్శకాలూ అదే అడుగుతున్నాయి. ఆరు ఎందుకో వేళ్ల మీద లెక్కపెట్టి చూడొచ్చు. ఒకరికి ఆ చుట్టుపక్కల ఎనిమిది గ్రంథులున్నాయనీ, వాటిలో ఒక్కదానిలోనే క్యాన్సర్ ఉందనీ అనుకుందాం. ఏదో రెండు తీసి పరీక్షకు పంపితే అది దొరికే అవకాశం పావలా వంతు. ఆరు తీస్తే ముప్పావలా. రెండు తీసి ఏమీ లేదని చెప్పే రిపోర్టుకూ, ఆరు తీసి చెప్పే రిపోర్టుకూ మాట ఒకటే, బరువు వేరు. అనుమానంగా ఉన్న ఒక్క గ్రంథిని గిల్లి తెచ్చి శాంపిల్ చూశాం అనడం నాకు అందుకే ఒప్పదు. అపాయంలో కొంత తీసుకుని, సమాధానం మాత్రం సగమే తెచ్చే పని అది.

ఆపరేషన్‌కు ముందే స్కాన్‌లో చూసుకోవచ్చు కదా అన్నది సహజమైన ప్రశ్న. స్కాన్ కొలిచేది ఎక్కువగా సైజును. సెంటీమీటరు దాటితే అనుమానిస్తారు. కానీ క్యాన్సర్ చేరిన గ్రంథి వాచి తీరాలన్న నియమం లేదు, వాచిన ప్రతి గ్రంథిలో క్యాన్సరూ ఉండదు. హెపటైటిస్ ఉన్నా, నాళాల్లో ఇన్ఫెక్షన్ ఉన్నా కాలేయ ద్వారం దగ్గర గ్రంథులు వాస్తాయి. మెరుపును బట్టి చూపే పెట్ స్కాన్ కొంత నయమే. అయితే క్షయ ఇంకా వదలని మన దేశంలో పాత టీబీ గ్రంథి కూడా క్యాన్సర్ లాగే మెరుస్తుంది. ఆ మెరుపు చూసి ముదిరిపోయిందని ఆపరేషనే మానేస్తే, బాగుపడాల్సిన మనిషికి దారి మూసినట్టు. స్కాన్ అనుమానాన్ని రేపుతుంది. దాన్ని తీర్చేది మైక్రోస్కోప్ కింద పెట్టిన ముక్క.

దీనికంటే గట్టి అభ్యంతరం ఇంకొకటుంది. ఆపరేషన్ తర్వాత ఎలాగూ అందరికీ కీమో ఇస్తున్నప్పుడు గ్రంథుల్లో ఉందో లేదో తెలిసి ఏం మారుతుంది? ఇది తేలిగ్గా కొట్టిపారేసే మాట కాదు. ఆ కీమోకు ఆధారమేమిటో చూద్దాం. బ్రిటన్‌లో 447 మందితో జరిగి 2019లో వెలువడిన ప్రయోగంలో కాపిసిటబిన్ మాత్రలు ఆరు నెలలు వాడినవాళ్లలో సగం మంది 51 నెలలు దాటి బతికారు, వాడనివాళ్లలో 36 నెలలు. తేడా పెద్దదే. కానీ చీటీ పడిన ప్రతి ఒక్కరినీ లెక్కలోకి తీసుకుంటే అది గణాంక శాస్త్రం అడిగే గీత దాటలేదు. జపాన్‌లో ఎస్-1 అనే మందుతో 440 మందిపై జరిగి 2023లో వచ్చిన ప్రయోగంలో మూడేళ్లు బతికినవాళ్లు మందు వాడినచోట 77 శాతం, వాడనిచోట 68 శాతం. రెండూ మేలు వైపే చూపిస్తున్నాయి. కానీ ఇవన్నీ సగటులు. మాత్రలతో అరచేతులు, అరికాళ్లు పగిలి, విరేచనాలతో నీరసించిన డెబ్బై ఏళ్ల మనిషి నాలుగో నెలలో ఆపేస్తానంటే డాక్టర్ ఏం చెప్పాలి? గ్రంథుల్లో క్యాన్సర్ ఉందని తెలిస్తే డోసు తగ్గించి అయినా కొనసాగించమని నచ్చజెప్పాలి. ఆరు ఏడు గ్రంథులు చూసి ఒక్కదానిలోనూ లేదంటే, చిన్న గడ్డ అయితే, మానేయడంలో తప్పు లేదని చెప్పగలగాలి. ఏ గ్రంథీ చూడకపోతే ఆ సంభాషణకు ఆధారమే లేదు. ఈ క్యాన్సర్‌లో కొందరికి ఎఫ్‌జీఎఫ్‌ఆర్2, ఐడీహెచ్1 అనే జన్యువుల్లో మార్పులుంటాయి, వాటికి సూటిగా తగిలే మందులు 2020 నుంచి వచ్చాయి. గ్రంథులకు చేరినవాళ్లకు తిరగబెట్టే ముప్పు ఎక్కువ కాబట్టి ఆ పరీక్ష ముందే చేయించి ఉంచుకోవచ్చు, స్కాన్లు దగ్గర దగ్గరగా తీయవచ్చు. మెలనోమాలో గ్రంథులన్నీ తీయడం మానేసిన డాక్టర్లు మొదటి కాపలా గ్రంథిని తీసి చూడటం మాత్రం మానలేదు. కబురు వేరు, వైద్యం వేరని వాళ్లు ముందే గ్రహించారు.

ఇక అపాయం. నా వాదన పూర్తిగా తలవంచాల్సిన చోటు ఇదే. పైత్యరస నాళం చుట్టూ మరీ నున్నగా ఒలిస్తే దానికి రక్తం తెచ్చే సన్న నాళాలు తెగి, నాళం ఎండి, తర్వాత ఎప్పుడో ఇరుకైపోవచ్చు. ధమనికి దెబ్బ తగలొచ్చు. తెగిన శోషరస నాళాల నుంచి నీరు కడుపులో చేరుతుంది. కాలేయం మెత్తగా, ఆరోగ్యంగా ఉన్న మనిషిలో ఇవి అనుభవం ఉన్న చేతుల్లో అదుపులో ఉండే సమస్యలే. సిరోసిస్ ఉన్న మనిషి సంగతి వేరు. గట్టిపడిన కాలేయం మీద ఒత్తిడి పెరిగి శోషరసం మామూలుకంటే ఎన్నో రెట్లు ఊరుతుంటుంది, ద్వారం దగ్గర సిరలు ఉబ్బి ఉంటాయి, తాకితే నెత్తురు. అక్కడ ఒలవడం మొదలుపెడితే రోజుల తరబడి లీటర్ల కొద్దీ నీరు కడుపులో చేరి, ప్రోటీన్ కరిగిపోయి, మూత్రపిండాలు దెబ్బతిని, కీమో మొదలుపెట్టే బలమే ఉండకపోవచ్చు. నిజం తెలుసుకోవడానికి చేసిన పని ఆ నిజంతో ఏమీ చేయలేని స్థితికి తెస్తే అర్థం లేదు. మద్యం, హెపటైటిస్ బి, కొవ్వు పట్టిన కాలేయం వల్ల సిరోసిస్ మన దగ్గర అరుదు కాదు. ఇలాంటి రోగుల్లో గ్రంథులు వదిలేయడాన్ని నేను సోమరితనం అనను, వివేకం అంటాను. అయితే ఆ మినహాయింపు వాళ్లకే పరిమితం. పొట్ట కోయకుండా చిన్న రంధ్రాల ద్వారా చేస్తున్నాం కాబట్టి గ్రంథులు చేతికి అందలేదనడం మినహాయింపు కాదు. ఆపరేషన్ పద్ధతి జబ్బును బట్టి ఎంచుకోవాలి కానీ, పద్ధతిని బట్టి జబ్బును కత్తిరించకూడదు.

గ్రంథుల మాటకు ఎంత విలువ ఇవ్వొచ్చో కాలేయ ద్వారం దగ్గరి క్యాన్సర్‌లో అమెరికాలోని మేయో క్లినిక్ వాళ్లు 1990లలోనే చూపించారు. ఎంపిక చేసిన రోగులకు ముందు రేడియేషన్, కీమో ఇచ్చి తర్వాత కాలేయ మార్పిడి చేసే పద్ధతి వాళ్లది. మార్పిడికి ముందు పొట్ట తెరిచి గ్రంథులు పరీక్షిస్తారు. క్యాన్సర్ ఉంటే మార్పిడి చేయరు. దానంగా వచ్చిన కాలేయం ఎవరికి దక్కాలన్నది కూడా ఆ గింజంత ముక్క చెబుతుంది. గడ్డను కోసి తీసే ఆపరేషన్‌లో అంత కఠినంగా ఉండాల్సిన పని లేదు. కానీ ముందే ఎండోస్కోపీ సూదితో తీసిన ముక్కలో క్యాన్సర్ తేలితే, కత్తి పట్టడానికి ముందు కీమోతో జబ్బు వేగం చూడటం ఎంత సబబో ఆలోచించాలి. మూడు నెలల మందులకు కూడా లొంగకుండా పెరిగే జబ్బు పెద్ద ఆపరేషన్ తర్వాత మర్యాదగా ఉంటుందని అనుకోలేం.

ఆపరేషన్ అయిన కొద్ది రోజులకు పాథాలజీ రిపోర్టు చేతికొస్తుంది. గడ్డ సైజు, అంచులు, రక్తనాళాల తర్వాత గ్రంథుల వరుస. అక్కడ ఏడింటికి సున్నా అని ఉంటే ఏడు చూశారు, ఒక్కదానిలోనూ లేదు. ఒకటికి సున్నా అని ఉంటే ఒకటే చూశారు. ఏడింటికి రెండు అని ఉంటే జబ్బు ద్వారం దాటింది, తర్వాతి ఆరు నెలలు దాన్ని బట్టే నడవాలి. గ్రంథులు అసలు తీయని చోట, గ్రంథులను సూచించే ఎన్ పక్కన ఎక్స్ అని ఒక్క అక్షరం వేస్తారు. చూడలేదు కనుక చెప్పలేం అని దాని అర్థం. దాన్ని ఎవరూ విప్పి చెప్పకపోతే, ఇంటికి తీసుకెళ్లిన కుటుంబం ఆ అక్షరాన్ని ఏమీ లేదనే చదువుకుంటుంది.